కుంటి కుట్టు

ఫిబ్రవరి 10, 2004, మంగళవారం

వాషింగ్టన్ నుంచి జవాబు వచ్చింది. కుదరదన్నారు.

ఈ మాట చెప్పడానికి క్లాడెట్ వెలెట్ మంచులో నాలుగు వీధులు నడిచి వచ్చింది. ఫోనులో చెప్పొచ్చు. ఫోనులో అయితే నా మొహం కనబడదు కదా. ముప్ఫై ఏళ్ళు మిషను గదిలో తోలు ముక్కలు కుట్టిన మనిషి, ఇప్పుడు, ఇంకా వేరే పని దొరకని ఎనభై ముగ్గురి తరఫున అర్జీలు రాస్తోంది. కోటు విప్పకుండా వంటింట్లో కూర్చుని నాకు మొత్తం మొదటినుంచి చెప్పింది, నేనేదో అక్షరమ్ముక్క రానివాణ్ణయినట్టు. పని విదేశానికి తరలిపోయి ఫ్యాక్టరీ మూతపడితేనే ఈ ప్రభుత్వ సహాయం ఇస్తారట. కొత్త పని నేర్చుకోవడానికి ఫీజు కడతారు, నేర్చుకున్నంత కాలం వారం వారం భత్యం ఇస్తారు, ఆరోగ్య బీమాలో వాటా భరిస్తారు. మన కంపెనీ మాత్రం "ఆ రకం బూట్లు చేయడం మానేశాం, పని ఎక్కడికీ పంపలేదు" అని రాసిచ్చింది. వాషింగ్టన్ వాళ్ళ ముందున్న కాగితం అదొక్కటే. మార్చి పదో తేదీలోగా కొత్త సాక్ష్యం పెడితే మళ్ళీ చూస్తారు. లేకపోతే ఫైలు మూసేస్తారు.

"సాక్ష్యం అంటే ఎలాంటిది?" అన్నాను.

"అక్కడ కళ్ళారా చూసినవాడు కావాలి."

"అక్కడంటే ఎక్కడ?"

"అది తెలిస్తే నీ గుమ్మం ఎందుకెక్కుతాను, ప్రొఫెసర్ గారూ?" అంది, నా చేతుల వంక చూస్తూ.

నాకు ఇందులో వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. అరవై ఏడేళ్ళు. పింఛను వస్తోంది. నాకు సంబంధం లేదు.

ఫిబ్రవరి 11

రాత్రి కాస్త కోపం పట్టి నిద్ర రాలేదు. పొద్దున్నే లేచి, నాకు అవమానం చేసినవాళ్ళను మనసులో వరసగా నిలబెట్టాను. ఈ వయసులో ఇది నా వ్యాయామం.

మేనేజరు విట్కమ్. నలభై మూడేళ్ళు అతని ఫ్యాక్టరీలో, అంతకుముందు అతని తండ్రి ఫ్యాక్టరీలో, చేత్తో బూట్లు కుట్టాను. ఒక్కనాడూ ఒవీలా అని పిలవలేదు. "ఆల్" అనేవాడు. నోరు తిరగదట. ఇటలీ తోలు కంపెనీల పేర్లు మాత్రం బాగానే తిరిగేవి.

క్లాడెట్. తొంభై నాలుగులో చర్చి నేలమాళిగలో శనివారం బీన్స్ విందు. కెనడాలోని క్యూబెక్ నుంచి ఫ్రెంచి మాట్లాడే మనవాళ్ళు ఈ మెయిన్ రాష్ట్రపు మిల్లులకు ఎలా వచ్చారో నేను ఏడాదిపాటు చదివి, రాసుకొచ్చి వినిపిస్తున్నాను. నలభై నిమిషాలు కూడా కాలేదు. ఆవిడ లేచి, "వాళ్ళు వచ్చేశారు సరే, బీన్స్ చల్లారిపోతున్నాయి" అంది. హాలంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వినవాడు రొజేర్ బొల్దూక్.

రొజేర్. ముప్ఫై ఒక్క ఏళ్ళు నా పక్క బల్ల. మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర. ఎనభై ఎనిమిదిలో నా ధ్రువయాత్రల పుస్తకం తీసుకెళ్ళాడు, మంచులో ఇరుక్కుపోయిన ఓడ కథ. అట్ట మీద బొమ్మ బాగుందన్నాడు. ఇంతవరకు తిరిగివ్వలేదు. వాడికి సరిగ్గా చదవడమే రాదు. ఎనిమిదో తరగతిలో బడి మానేసి తోలు పట్టినవాడు. ఎందుకు తీసుకెళ్ళాడో, ఏ బల్ల కాలి కింద పెట్టాడో.

ఫిబ్రవరి 12

మంచు ఎత్తాను. నడుము పట్టేసింది. నాకు సంబంధం లేదు.

ఫిబ్రవరి 14, శనివారం

రొజేర్ వచ్చాడు. చెరువు మీద మంచుకి బెజ్జం వేసి పట్టిన చేపలు రెండు, పేపర్లో చుట్టి తెచ్చాడు. ఎప్పుడూ రెండే తెస్తాడు, ఒంటరివాడికి ఇంకోటి ఎందుకని ఎన్నడూ అనుకోడు.

"ఏవయ్యా ఒవీలా, గడ్డం పెంచుతున్నావా, బ్లేడు కొనడానికి బద్ధకమా?"

"నీకు మొహం చూపించాల్సి వస్తుందని తెలిస్తే గీసుకునేవాణ్ణి."

కాఫీలో మూడు చెంచాల పంచదార వేసుకున్నాడు. వాడి భార్య తెరేజ్‌కి చక్కెర జబ్బు. ఇంట్లో పంచదార డబ్బా దాచేస్తుందట, అందుకని నా డబ్బా మీద పడతాడు. ఇన్సులిన్ సంగతి అడిగాను. సీసా వారం ఎక్కువ వచ్చేలా కొంచెం తగ్గించి వేసుకుంటోందని చెప్పాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ. ఫ్యాక్టరీతో పాటు బీమా కూడా పోయింది.

కాలేజీలో బాయిలర్లు, ఇళ్ళని వెచ్చబరిచే కొలుములు బాగుచేసే కోర్సులో సీటు పెట్టించుకున్నాడు. సెప్టెంబరులో మొదలు. వాషింగ్టన్ సరేనంటే ఫీజు వాళ్ళదే, బీమా వాటా వాళ్ళదే. లేకపోతే సీటు ఇంకొకడికి పోతుంది.

"యాభై తొమ్మిదేళ్ళకి బడికెళ్తావా?" అన్నాను.

"ముందు పరీక్ష పెట్టారు. చదవడం ఎంత వచ్చో చూడ్డానికి. పాసయ్యాను."

"ఎలా?"

"ఎలాగో. అందరికీ నీలాగా పుట్టుకతో రాదు కదా." నవ్వాడు. తర్వాత, నవ్వు మొహం మీద అలాగే ఉండగానే, "పోయినేడు స్కూలు బాయిలరు పని వచ్చినప్పుడే చేరిపోవాల్సింది. నువ్వు చెప్పావని ఆగాను. నీ తప్పేం లేదులే, నువ్వు మాత్రం ఏం కలగన్నావు?" అన్నాడు.

చేపలు బాగున్నాయి. రెండోది పిల్లికి వేశాను.

ఫిబ్రవరి 17, మంగళవారం

క్లాడెట్ మళ్ళీ వచ్చింది. ఈసారి చంకలో అట్టపెట్టె.

లూయిస్టన్‌లో చవక సరుకు అమ్మే కొట్లో కొన్నదట. పెట్టె మూత తీసి కుడికాలి బూటు నా ముందు పెట్టింది. చేత్తో కుట్టిన బూటు, మన మోడల్ నంబరే, మన తోలు రంగే. నాలుక లోపలివైపు చిన్న గుడ్డముక్క మీద డొమినికన్ రిపబ్లిక్‌లో తయారైందని అచ్చువేసి ఉంది.

"అదిక్కడ," అంది, పైతోలు అంచు మీద వేలుపెట్టి. "పద్నాలుగో కుట్టు."

చూడక్కర్లేకుండానే తెలుసు. డెబ్భై తొమ్మిదిలో నా ఎడమచేతి నడిమి వేలు విరిగి వంకరగా అతుక్కుంది. అప్పటినుంచి మడమ వైపు తిరిగే చోట దారం బిగుసుకోదు. అందుకని పద్నాలుగో బెజ్జం వదిలేసి, పదిహేనులో గుచ్చి, వెనక్కి వచ్చి పద్నాలుగులో గుచ్చుతాను. బూటుకి ఏమీ కాదు, ఇంకా గట్టిగా ఉంటుంది. చూడ్డానికి మాత్రం కుట్టు ఆ ఒక్క చోట కాలు ఈడ్చినట్టు ఉంటుంది. గదిలో దాన్ని ఒవీలా కుంటి కుట్టు అనేవాళ్ళు. చేత్తో కుట్టే గదిలో ఎవరి బూటు ఎవరిదో చెప్పడానికి సంతకం అక్కర్లేదు. నూరు బూట్లు కుప్పపోస్తే ఎవడిది వాడు తీసుకోగలడు, పక్కవాడిది పారేయగలడు.

"మన దగ్గర మిగిలిపోయిన సరుకయ్యుంటుంది. లేబులు మార్చారు," అన్నాను.

"అడుగున తేదీ ముద్ర చూడు. అక్టోబరు. మనం జూన్‌లోనే ఇళ్ళకి పోయాం."

"అయితే నా బూటు నమూనాగా పంపి ఉంటారు. చూసి దించారు."

"నేనూ అలాగే అనుకున్నా," అంది. ఎడమ బూటు తీసింది. అందులోనూ ఉంది. "కొట్లో పదకొండు జతలు విప్పి చూశాను. అమ్మాయి నన్ను బయటికి గెంటబోయింది. పదకొండూ కుంటుతున్నాయి ఒవీలా. ఊరు ఊరంతా కుంటుతోంది అక్కడ. నమూనా చూసి దించేవాడు తప్పు ఉంటే దిద్దుకుంటాడు. ఇది ఎవడో పక్కన కూర్చుని నేర్పిన పని."

రెండు బూట్లూ పక్కపక్కన పెట్టాను.

"ఈ బూటు పంపితే వాషింగ్టన్‌కి కుట్టు తెలుస్తుందా? వాళ్ళకి మనిషి కావాలి." లేచి స్కార్ఫు చుట్టుకుంది. "పోయినేడు ఫిబ్రవరిలో బోస్టన్ నుంచి కంటి ఆపరేషన్ చేయించుకొచ్చావు చూడు. చేతులు మోచేతిదాకా నల్లబడి వచ్చావు. నాకు అప్పుడే అనిపించింది, ఆ ఆస్పత్రిలో ఎండ బాగా పెడతారు కాబోలని."

కుడికాలి బూటు ఇక్కడే వదిలేసి పోయింది.

ఫిబ్రవరి 18

పోయినేడు బోస్టన్‌లోనే ఉన్నాను. కన్ను. ఏడు వారాలు.

ఫిబ్రవరి 19

కంటికి ఏడు వారాలు పట్టదు. ఎవరూ అడగలేదు. అది కూడా రాసుకోవాలి: ఏడు వారాలు కనబడకపోతే రొజేర్ తప్ప ఎవరూ ఉత్తరం రాయలేదు. వాడు తెరేజ్ చేత రాయించాడు. బోస్టన్‌లో ఉండే నా చెల్లెలి అడ్రసుకి వెళ్ళి, అక్కడినుంచి నాకు చేరింది, కవరు మీద తాటిచెట్ల బొమ్మ ముద్ర వేసి ఇచ్చారు అక్కడి పోస్టాఫీసులో. ఏముందంటే, చెరువు బాగా గడ్డకట్టింది, కన్ను జాగ్రత్త, నీ బల్ల మీద ఎవరినీ కూర్చోనివ్వడం లేదు.

ఫిబ్రవరి 22, ఆదివారం

పూజకి పోలేదు. దేవుడికి తెలిసినదాన్ని కాగితానికి కూడా చెప్తే ఏం పోతుంది.

2002 డిసెంబరులో విట్కమ్ నన్ను పై గదికి పిలిచాడు. కుర్చీ చూపించాడు. ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదలు. డొమినికన్ రిపబ్లిక్‌లో శాంటియాగో ఊరి బయట కొత్తగా ఒక షెడ్డు పెట్టారని, అక్కడివాళ్ళకి చేతి కుట్టు రావడం లేదని, నేను వెళ్ళి నేర్పితే చవక రకాలు అక్కడ చేయించి, ఆ లాభంతో ఇక్కడ పన్నెండు బల్లల గది ఉంచుతామని చెప్పాడు. మంచి రకాలు, నమూనాలు ఇక్కడే. పన్నెండు మంది పేర్లు నేనే రాసివ్వొచ్చన్నాడు. ఎవరికీ చెప్పకూడదని రెండు పేజీల కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు.

మొదటి పేరు రొజేర్‌ది రాశాను. ఇది నిజం. ఏ పుస్తకం మీదైనా ప్రమాణం చేస్తాను.

డబ్బు కోసం వెళ్ళలేదు. ఇచ్చింది మామూలు జీతమే. నమ్మేవాడు లేడు కనుక ఇక్కడ రాస్తున్నాను: వాళ్ళు నన్ను మాయెస్త్రో అని, అంటే గురువుగారని, పిలిచారు. అరవై మంది. పొద్దున నేను షెడ్డులోకి అడుగుపెడితే లేచి నిలబడేవాళ్ళు. నేను తోలు పొడిచే ఆరె ఎలా పట్టుకుంటానో, తోలులో బెజ్జం ఏ వంపున పొడుస్తానో, మైనపు దారం రెండు చేతులా ఎంత దూరం లాగుతానో, నోటుపుస్తకాల్లో బొమ్మలు గీసుకున్నారు. పుస్తకాల్లో! నలభై మూడేళ్ళు ఇక్కడ ఒక్కడు నేను చెప్పింది రాసుకున్నాడా? వాళ్ళు నా వేలి వంకర కూడా గీసుకున్నారు. పద్నాలుగో కుట్టు దగ్గర "ఇది నా వేలి గొడవ, మీకక్కర్లేదు" అని చెప్పి ఉండాల్సింది. రెండుసార్లు నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. అరవై మంది తలలు వంచి, బాగున్న వేళ్ళతో, నా కుంటి కుట్టు కుడుతుంటే చూడ్డానికి హాయిగా ఉంది.

ముందు వరసలో యూదెల్కా అని ఒకామె ఉండేది. పాతికేళ్ళుంటాయి. మూడోవారానికే చెయ్యి తిరిగింది. బూటు బిగించి కుట్టే చెక్క అచ్చు ఒళ్ళో పెట్టుకుని ఉంది, దాని మడమ మీద చాకుతో చెక్కిన చేప బొమ్మ కనబడింది. రొజేర్ చేప. తన అచ్చులన్నిటి మీదా చెక్కుతాడు. ఆ డిసెంబరులో ఇక్కడ వాడి అచ్చులు మాయమైతే, రిపేరుకి పంపామని ఫోర్‌మన్ చెప్పాడు. వాడు వారం రోజులు గొణిగాడు.

అప్పుడైనా తెలియలేదా, అని క్లాడెట్ అడుగుతుంది. పన్నెండు బల్లల మాట నమ్మాను. నమ్మే తిరిగొచ్చాను. నమ్మే ఏప్రిల్‌లో రొజేర్‌తో "స్కూలు బాయిలరు పనికి పోకు, నీ బల్ల ఇక్కడే ఉంటుంది, నాకు తెలుసు" అన్నాను. జూన్‌లో గేటుకి తాళం పడింది.

నేను మోసపోయినవాణ్ణి. మోసం చేసినవాణ్ణి కాదు.

ఫిబ్రవరి 25, బూడిద బుధవారం

చర్చిలో నుదుట బూడిద పెట్టించుకుని వస్తుంటే మెట్ల మీద క్లాడెట్ ఎదురైంది. తన నుదుట కూడా నల్లగా ఉంది.

"ఇంకా పద్నాలుగు రోజులు," అంది.

"సంతకం పెట్టాను. చెప్పకూడదని కాగితం. కోర్టుకీడుస్తారు."

మొదటిసారి ఒప్పుకున్నట్టే. నోరు జారింది. ఆమె ఆశ్చర్యపోలేదు.

"ఆ కాగితం చదివావా?"

"నేను చదవకుండా సంతకం పెడతానా?"

"అదే అడుగుతున్నా. చదివావా?"

"నా వెంట పడటం మానెయ్. నువ్వు ఎనభై ముగ్గురి కోసం తిరగడం లేదు. నన్ను బోనులో నిలబెట్టాలని తిరుగుతున్నావు."

"నీ మొహానికి బోనొకటి తక్కువ," అంది. "తెరేజ్ పోయిన గురువారం పచారీ కొట్లో కళ్ళు తిరిగి పడిపోయింది. నీకెవరూ చెప్పలేదా? చెప్పరులే. నువ్వు పుస్తకంలో ఉంటావు."

ఫిబ్రవరి 26

రొజేర్ ఇంటి ముందునుంచి నడిచాను. కొలుము పొగ వస్తోంది. ఆగలేదు.

మార్చి 2, మంగళవారం

ఆ కాగితం బయటికి తీసి చదివాను. ఊళ్ళో అందరికంటే ఎక్కువ చదివినవాణ్ణి. రోమ్ ఎలా కూలిందో మూడు సంపుటాలు చదివినవాణ్ణి. రెండు పేజీల కాగితం పద్నాలుగు నెలల తర్వాత చదివాను.

కుట్టే పద్ధతి గురించి పోటీ కంపెనీలకు చెప్పకూడదు. తోలు ఎవరి దగ్గర కొంటారో చెప్పకూడదు. అంతే. నేను ఎక్కడికి వెళ్ళానో చెప్పకూడదని ఎక్కడా లేదు. ప్రభుత్వం అడిగితే చెప్పకూడదని అసలే లేదు.

నన్ను ఆపింది ఈ కాగితం కాదన్నమాట.

మార్చి 3

పెద్ద నిఘంటువులో దాచిన ఫోటో బయటికి తీశాను. ఆఖరి రోజు షెడ్డు ముందు తీసింది. మధ్యలో నేను, చుట్టూ వాళ్ళు, ఒళ్ళలో అచ్చులు. యూదెల్కా అచ్చు మడమ కెమెరా వైపుంది. చేప స్పష్టంగా కనబడుతోంది. వెనక గోడ మీద కంపెనీ పేరు, పక్కనే క్యాలెండరు.

సాక్ష్యం అంటే ఇంతకంటే ఏముంటుంది. తారీఖుతో సహా.

మళ్ళీ లోపల పెట్టేశాను. ఆ ఫోటోలో నేను నవ్వుతున్నాను. పళ్ళన్నీ కనబడేలా. ఇక్కడ నలభై మూడు క్రిస్మస్ విందుల ఫోటోలున్నాయి, ఒక్కదాంట్లోనూ నవ్వలేదు. ఎనభై ముగ్గురూ ఆ నవ్వు చూస్తారు.

మార్చి 4

నాలుగు చిత్తుప్రతులు. మొదటిది పదకొండు పేజీలు, విట్కమ్ తండ్రి దగ్గర మొదలైంది. చింపేశాను. నాలుగోది ఒక పేజీ. నేను, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు, ఫలానా చోట, ఈ పని నేర్పాను.

క్లాడెట్‌కి ఫోన్ చేసి చదివాను.

"బాగుంది," అంది. "పొట్టిగా ఉంది. నీకు కష్టమయ్యుంటుంది."

"ఇంకేం కావాలి?"

"ఆ అచ్చు మన ఫ్యాక్టరీదేనని ఇంకొకరు సంతకం చెయ్యాలి. చెక్కినవాడే చెయ్యాలి."

"నువ్వు తీసుకెళ్ళి చేయించు."

"నేనెందుకు? నా బల్ల మిషను గదిలో. నీ పక్క బల్ల ఎవరిది?"

మార్చి 6, శనివారం

వెళ్ళాను. పొద్దున తొమ్మిదికి, పగలే.

వంటింట్లో బీన్స్ కుండ పొయ్యి మీద ఉంది. తెరేజ్ పక్కగదిలో పడుకుని ఉంది. తలుపు ఓరగా వేసి ఉంది. రొజేర్ బనీను మీదున్నాడు. బల్ల మీద కొలుముల కోర్సు పుస్తకం, అందులో పెన్సిలు.

"మొహం గీసుకున్నావే! ఎవరైనా పోయారా?"

కాగితం తీసి చదివి వినిపించాను. వాడికి సులువుగా ఉంటుందని మెల్లగా చదివాను. మధ్యలో చెయ్యి చాచి, "ఇటివ్వు, నేను చదువుకుంటా" అన్నాడు. వేలు పెట్టుకుని చదివాడు. ప్రతి లైనూ. తర్వాత ఫోటో తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"నవ్వుతున్నావు," అన్నాడు.

ఫోటోని వెలుతురుకి తిప్పాడు.

"నా అచ్చు ఈ పిల్ల దగ్గరుందా?"

"అవును."

"బాగా కుడుతుందా?"

"బాగా కుడుతుంది."

"నీ కుంటి కుట్టే?"

"అదే."

గట్టిగా నవ్వాడు. ఆ చర్చి నేలమాళిగలో నవ్విన నవ్వే. లోపలినుంచి తెరేజ్ "ఏంటండీ?" అంది. "ఏం లేదు, ఒవీలా జోకు చెప్తున్నాడు, పడుకో," అన్నాడు. బల్ల దగ్గరికి వచ్చి కూర్చునేసరికి మొహంలో నవ్వు లేదు.

"స్కూలు బాయిలరు పని నాకు ఎప్పుడొచ్చింది?"

"ఏప్రిల్‌లో."

"నువ్వు అక్కడినుంచి వచ్చింది?"

"ఫిబ్రవరి ఆఖరున."

"మరి తెలిసే చెప్పావా, ఆగమని?"

"పన్నెండు బల్లలు ఉంచుతానని విట్కమ్ మాటిచ్చాడు. నమ్మాను. మొదటి పేరు నీదే రాశాను రొజేర్."

"నేనడిగింది అది కాదు."

కుండ మూత కింద బీన్స్ ఉడుకుతున్న చప్పుడు. పక్కగదిలో మంచం కిర్రుమంది. వాడు నా మొహం వంక చూస్తున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు పక్కపక్కన కూర్చున్నాం. పక్కన కూర్చున్నవాడి మొహం ఎప్పుడూ చూడక్కర్లేదు, చేతులే కనబడతాయి.

"ఆ ఫోటో తీసిన రోజు," అన్నాను, "షెడ్డు వెనక కొత్త స్టూళ్ళు దింపారు. కాగితం చుట్టి ఉన్నాయి, ఇంకా విప్పలేదు. నూటికి పైనే. అరవై మందికి అరవై స్టూళ్ళు అప్పటికే ఉన్నాయి."

"ఇక్కడ మనం ఎంతమందిమి? చేత్తో కుట్టేవాళ్ళం?"

"నూట నాలుగు. అప్పటికి."

"స్టూళ్ళు చూశావు."

"చూశాను."

తల ఊపాడు. ఏదో లెక్క సరిపోయినట్టు. పెన్సిలు తీసి, మళ్ళీ పక్కన పెట్టి, గూట్లోంచి పెన్ను తెచ్చాడు. నా కాగితం నా వైపు తోశాడు.

"స్టూళ్ళ సంగతి ఇందులో లేదు. రాయి."

రాశాను. వాడు తన కాగితం మీద అచ్చు తనదేనని, చేప తను చెక్కిందేనని రాసి సంతకం పెట్టాడు. అక్షరాలు పెద్దవిగా, చక్కగా ఉన్నాయి. కింద చిన్న చేప కూడా గీశాడు, పోల్చుకోవడానికి వీలుగా.

కాఫీ ఇవ్వలేదు. గుమ్మం దాటుతుంటే, "తలుపు గట్టిగా లాగు. తెరేజ్‌కి చలి," అన్నాడు.

రాసి పెట్టుకుంటున్నాను: స్టూళ్ళు చూశాను. చూసిన రోజే నాకు తెలుసు.

మార్చి 8, సోమవారం

క్లాడెట్, నేను కలిసి పోస్టాఫీసుకి వెళ్ళాం. కవరులో రెండు కాగితాలు, ఫోటో. బరువు చూస్తుంటే ఆమె అట్టపెట్టెలోంచి ఎడమకాలి బూటు కూడా తీసి కౌంటరు మీద పెట్టింది. "ఒక్కటే పంపుతారా?" అంది కౌంటరు అమ్మాయి. "ఒక్కటి చాలు, వాళ్ళు నడవక్కర్లేదు," అంది క్లాడెట్.

బయటికి వచ్చాక, ఊళ్ళో అందరికీ ఎప్పుడు చెప్తావని అడిగాను.

"నేనెందుకు చెప్తాను? మొన్న శనివారం రాత్రి విందులో రొజేర్ చెప్పాడు. బీన్స్ వడ్డించకముందే."

"ఏమన్నారు?"

"ఎవరూ నవ్వలేదు," అంది.

మార్చి 14

పూజలో నా పక్క బెంచీ ఖాళీ.

ఏప్రిల్ 3

చెరువు కరిగింది. చేపలు లేవు. ఊళ్ళో ఎవరికీ అని కాదు. నాకు.

మే 20

విట్కమ్ లాయరు దగ్గర్నుంచి ఉత్తరం. నేను సంతకం చేసిన కాగితాన్ని గుర్తుచేస్తున్నారు. దాని రెండో పేజీ మూడో పేరా వాళ్ళకే గుర్తుచేస్తూ జవాబు రాశాను. చాలాకాలానికి ఒక మంచి పేజీ రాసిన తృప్తి. కింద నా పేరు మొత్తం విప్పి రాశాను. ఆల్ అని ఎక్కడా లేదు.

జూన్ 11, శుక్రవారం

సరేనన్నారు.

ఎనభై ముగ్గురికీ. క్లాడెట్ ఫోన్ చేసింది, ఈసారి మొహం చూడక్కర్లేదు కాబోలు. పని విదేశానికి తరలిందని తేలింది కనుక అర్హులేనని రాశారట. రొజేర్ సీటు ఖాయం. తెరేజ్‌కి బీమా వాటా వస్తుంది. "రెండో పేజీలో నీ పేరుంది," అంది. ఏమని అని అడిగితే, "మాజీ ఉద్యోగి అని" అంది. మాయెస్త్రో అని లేదు.

జూన్ 14

పొద్దున తలుపు తీస్తే మెట్టు మీద పేపర్లో చుట్టిన పొట్లం. చేపల పొట్లంలాగే ఉంది, దారం కూడా అలాగే కట్టి ఉంది. ముందు ఆశపడ్డాను.

ధ్రువయాత్రల పుస్తకం. పదహారేళ్ళ తర్వాత. అట్ట మీద కాఫీ మరక ఒక్కటి కూడా లేదు. లోపల చీటీ లేదు.

ఇన్నాళ్ళూ ఇది నాకు బాకీ అనుకున్నాను. తిరిగొస్తే ఇలా ఉంటుందని తెలియదు.

జూన్ 15

పుస్తకం విప్పాను. మధ్యలో గుర్తుకి మైనపు దారం ముక్క ఉంది. రెండు వందల తొంభై ఆరో పేజీ. అంతకుముందు పేజీల్లో అక్కడక్కడా కష్టమైన మాటల కింద పెన్సిలు గీతలు. మొదట్లో లైనుకి నాలుగైదు, నూరో పేజీ తర్వాత పేజీకి ఒకటి రెండు, చివరికొచ్చేసరికి ఎక్కడో ఒకటి. పదహారేళ్ళు కూర్చుని చదివాడు. ఈ పుస్తకంతోనే చదవడం నేర్చుకున్నాడు. నన్ను ఒక్క మాటకి అర్థం అడగలేదు. నేను ఎలా చెప్పేవాణ్ణో వాడికి తెలుసు.

ఆ పేజీలో ఓడ ఇంకా మంచులోనే ఉంది. తిండి అయిపోయి వాళ్ళు బూట్ల తోలు ఉడకబెట్టుకుంటున్నారు. ఇంకో పదకొండు పేజీలు తిప్పితే సాయం వస్తుంది. వాడు అక్కడిదాకా రాలేదు.

జూన్ 17

రొజేర్ ఇంటికి వెళ్ళాను. తలుపు కొట్టాను. లోపల రేడియో ఉంది, తర్వాత లేదు. దారం ఉన్న పేజీలోనే ఉంచి, పుస్తకం మళ్ళీ అదే పేపర్లో చుట్టి, వాడి మెట్టు మీద పెట్టి వచ్చాను. లోపల చీటీ పెట్టలేదు. పదకొండు పేజీల సంగతి రాయాలని మనసు పీకింది. రాయలేదు.

జూన్ 18

మెట్టు మీదే ఉంది.

జూన్ 19

మెట్టు మీదే. వాన పడేలా ఉంది. ఎవరో పైన రేకు ముక్క కప్పారు. తెరేజ్ అయ్యుండొచ్చు.

జూన్ 21

వాన. బయటికి పోలేదు.

జూన్ 22, మంగళవారం

పొద్దున అటువైపు నడిచాను. పుస్తకం మెట్టు మీద లేదు. రేకు ముక్క గోడకి ఆనించి ఉంది.

మంగళవారం ఆ వీధికి చెత్తబండి వచ్చే రోజు. డబ్బాలన్నీ అప్పటికే ఖాళీగా బోర్లించి ఉన్నాయి.

నేను అడగను.